పురుగు తొలిచిన పగడాలు

మా కోడలు కొరియర్‌లో తెప్పించిన అట్టపెట్టె విప్పినప్పుడు నేను పక్కనే కూర్చుని టీ తాగుతున్నాను. లోపల సబ్బుబిళ్లల్లాంటి ముద్దలు, ఒక్కోటి ఒక్కో రంగు. ఏంటమ్మా ఇవి అని అడిగాను.

"పాలిమర్ క్లే మామూ. దీంతో రాళ్లు చేస్తారు" అంది.

నలభై ఏళ్లు తెనాలిలో రాళ్లు పొదిగినవాణ్ణి నేను. మా నాన్నదీ అదే పని. కంసాలి నగ చేసి పంపిస్తే అందులో కెంపో పచ్చో కూర్చోబెట్టి, చుట్టూ బంగారం నొక్కి, ఊడిపోకుండా చూడడం మా వంతు. రాయిని చేసే పని మాత్రం మా ఇంట్లో ఎవరూ నెత్తిన పెట్టుకోలేదు. అది అల్లా చూసుకుంటాడని వదిలేశాం. ఈ పిల్లేమో వంకాయ కూర చేస్తారు అన్నంత తేలిగ్గా రాళ్లు చేస్తారు అంటోంది. టీ చేదెక్కింది.

క్లే అంటే మట్టి అట. మట్టికి అంతకంటే అవమానం ఉండదు. అది రంగు కలిపిన ప్లాస్టిక్. పిసికితే మైనంలా మెత్తబడుతుంది, కేకులు కాల్చే బుల్లి ఓవెన్‌లో పెడితే గట్టిపడుతుంది. అంతకుమించి దానికి ఏ విద్యా లేదు. దాని మీద ఫోన్‌లో పాఠాలు చెప్పే మనుషులున్నారు. కోడలు చూసే పాఠంలో ఒకావిడ గోళ్లకు ముదురు రంగు వేసుకుని, జీవితంలో ఒక్క రాయినైనా వెలుతురులో పెట్టి చూడని చేతులతో, "ఇప్పుడు మనం అయిదు నిమిషాల్లో జేడ్ చేసుకుందాం" అని హిందీలో నవ్వుతూ చెబుతుంది. ఆ ఆకుపచ్చ రాయికి భూమి కడుపులో ఎన్ని యుగాలు పట్టిందో పాపం, ఈవిడని అడిగితే సరిపోయేది.

మొదటి విడత ఫిరోజాలు చేసి పళ్లెంలో పెట్టి తెచ్చింది. ఫిరోజా అంటే ఆకాశం రంగు రాయి. మావాళ్లు ఉంగరానికి ఇష్టంగా పెట్టించుకుంటారు. కోడలు తెచ్చినవి ఆ రాయికి ఏ వైపు నుంచీ చుట్టాలు కావు. పళ్లు తోముకునే పేస్టు ఎండిపోయినట్టున్నాయి. ఒక్కో పూస మీద ఆమె వేలిముద్ర, రిజిస్ట్రారు ఆఫీసులో వేయించినంత స్పష్టంగా పడింది.

"ఎట్లా ఉన్నాయి మామూ?"

"పోలీసులకిస్తే నిన్ను పట్టుకోవడానికి పనికొస్తాయి."

ఆమె నవ్వలేదు. "మరి అసలుది ఎట్లా ఉంటదో చెప్పండి. ఊరికే వెటకారం చేస్తే నాకేం తెలుస్తది?"

నోరు మూసుకుని మసీదు వైపు వెళ్లిపోయినా బాగుండేది. లేచి వెళ్లి నా రేకుడబ్బా తెచ్చాను. అందులో ఎప్పటిదో ఒక ఫిరోజా ఉంది, అంచు విరిగి ఎవరూ తీసుకోనిది. దాని మీద పారే నల్లని సన్నగీతలు చూపించాను. రాయి పుట్టిన బండ తాలూకు ఆనవాళ్లు అవి. అవి లేకపోతే అది ఉత్త నీలిరంగు. రంగు కూడా ఒకటే రంగు కాదు. ఒక మూల ఆకుపచ్చకు తిరుగుతుంది, ఒక మూల పాలిపోతుంది. ఇదంతా చెబుతూ చెబుతూ, ఆమె చేతిలోని ముద్ద లాక్కుని నేనే పిసకడం మొదలుపెట్టాను.

నాకు ఆ ప్లాస్టిక్ మీద గౌరవం కలిగిందని ఎవరూ అనుకోవద్దు. కేవలం కోపంతో కూర్చున్నాను. నాలుగు నీలిరంగు ముద్దలు కలిపి, కత్తితో రవ్వలు రవ్వలుగా తరిగి, ఆ రవ్వలకు నల్లరంగు పట్టించి, మళ్లీ ముద్దగా నొక్కి కోస్తే గీతలు వస్తాయని రెండో రోజుకు తెలిసింది. వేడి ఎక్కువ పెట్టి ఒక విడత మాడ్చేశాను. ఇల్లంతా కాలిన చెప్పు వాసన. పక్కింటివాళ్లు వైరు కాలుతోందని హడలిపోయి మెయిన్ ఆపేశారు. వేడి తగ్గించి ఇంకో విడత తీస్తే లోపల పచ్చిగా ఉండి గోరు దిగబడింది. ఎనిమిదో తొమ్మిదో విడతకు పూస కాస్త కుదిరింది. దాన్ని నీళ్లలో తడుపుతూ ఎమరీ కాగితం మీద, గరుకు నుంచి నునుపుకి, నా పాత అలవాటు ప్రకారం రుద్దాను. పాత జీన్స్ గుడ్డతో మెరుగు పెట్టాను. అసలు రాయి పక్కన పెట్టి చూస్తే ఒక్క క్షణం నా కళ్లే తడబడ్డాయి. ఆపరేషన్ అయిన కళ్లు కదా అని సరిపెట్టుకున్నాను.

తర్వాత కోడలు జేడ్ అంది, అంబర్ అంది, పగడం అంది. ఒక్కోదాన్నీ తిట్టుకుంటూనే చేశాను.

ఆ చలికాలం బాపట్లలో ఒక కల్యాణమండపంలో ఆడవాళ్ల చేతిపనుల అమ్మకం పెట్టారు. కోడలు ఒక బల్ల తీసుకుంది. మావాడికి సెల్ ఫోన్ షాపులో సెలవు దొరకలేదని నన్ను తోడు పంపారు. రైల్లో ఒళ్లో అట్టపెట్టె పెట్టుకుని కూర్చున్నాను. రాళ్లు మోసిన రోజుల్లో కూడా నేనెప్పుడూ ఇంత సిగ్గుపడుతూ ప్రయాణం చేయలేదు.

ఆ మండపంలో చూసిన మనుషుల్ని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఒకావిడ జేడ్ పూసల్ని చెంపకు ఆనించుకుని కళ్లు మూసుకుంది.

"ప్రకృతి నుంచి వచ్చిందేగా అండీ? నాకు ప్లాస్టిక్ పడదు, ర్యాషెస్ వస్తాయి" అంది.

బల్ల కింద కోడలు నా కాలు తొక్కింది. అయినా చెప్పాను, "ప్లాస్టిక్కేనండి" అని.

"క్లే అని బోర్డు మీద రాశారు కదండీ" అని ఆవిడ నా మీద జాలిపడి, రెండు దండలు కొనుక్కుని వెళ్లిపోయింది. చేసినవాడి మాట కంటే బోర్డు మాట ఎక్కువ.

తర్వాత ఒక పెద్దమనిషి వచ్చాడు, రెండు చేతులకూ కలిపి అయిదారు ఉంగరాలు. ఫిరోజా పూస తీసి ట్యూబ్‌లైటు కేసి పట్టి ఒక కన్ను మూశాడు. ఫిరోజాలోంచి వెలుతురు రాదు. ఆయన ఏం చూశాడో నాకు తెలియదు. "ఇరాన్ సరుకు" అన్నాడు.

"కాదండి, మా వంటింటి సరుకు. పోయిన శుక్రవారం కాల్చింది."

"సర్లేండి సాయిబుగారూ. ఎక్కడ తెప్పిస్తారో వ్యాపారస్తులు చెప్తారా ఏంటి?" అని నవ్వి, తెలివైనవాడిలా తల ఊపుతూ వెళ్లాడు. మోసపోయేవాళ్లను చాలామందిని చూశాను గానీ, వద్దు బాబూ అంటే కూడా వినకుండా మోసపోయేవాణ్ణి అప్పుడే చూశాను.

మధ్యాహ్నం దాటాక ఒకామె వచ్చింది. యాభై ఏళ్లుంటాయి. చీర పైకి దోపుకుని, చేతిలో ఖాళీ స్టీలు క్యారేజీ. రేపల్లెలో చేపల వ్యాపారం అట. బాపట్ల హాస్టల్లో చదువుకునే కూతురికి పులుసు ఇచ్చి, బస్సుకు ఇంకా టైముందని లోపలికొచ్చింది. నా పగడాల దండ తీసింది. ఒక పూసను ముందుపళ్లకు టకటకా కొట్టి చూసుకుంది. నాకు తెలిసిన నగల షాపుల యజమానుల్లో ఒక్కడికీ ఆ పరీక్ష తెలియదు.

"పగడం కాదు" అంది.

"పగడమని ఎవరన్నారమ్మా?"

"కాదని తెలిసే చేశావు గదన్నయ్యా. మరి ఇంత నున్నగా ఎందుకు చేశావు? పగడానికి పురుగు తొలిచిన బెజ్జాలుంటాయి. చెక్కకున్నట్టు గీతలుంటాయి. ఇదేంటి, లిప్‌స్టిక్ ఉండలాగ!"

కోడలు నా మొహం చూడకుండా తల పక్కకు తిప్పుకుంది. నవ్వుతోందని భుజాలు చెప్పాయి. నలభై ఏళ్ల పనితనం గురించి ఒక ఉపన్యాసం నా నోటిదాకా వచ్చింది గానీ, ఆమె అప్పటికే జాకెట్లోంచి గుడ్డమూట తీసి విప్పుతోంది. అందులో మూడు పగడాలు. అసలువి. చూడగానే తెలిసింది.

"మా అమ్మ దండ. నలభై ఒకటి ఉండేయి. హార్బరులో పడవ మీంచి గంప అందుకుంటంటే దారం కొక్కేనికి తగులుకుని తెగిపోయింది. అన్నీ నీళ్లల్లోకే పోయినయ్. ఈ మూడూ జాకెట్లో ఇరుక్కుని నాకు మిగిలినయ్."

"కొత్తవి కొనుక్కోమ్మా."

"కొత్తవి కొత్తగా ఉంటాయన్నయ్యా. ఇరవై ఏళ్లు మెడలో ఉన్నయ్యి. ఇప్పుడు మెడ బోడిగా ఉంది, అద్దం చూసుకోబుద్ధి కావట్లేదు. అట్లాంటియ్యి చేయగలవా, చేయలేవా?"

చేయలేనని చెప్పడానికి నోరు తెరిచాను. "చేసిస్తామండి" అంది కోడలు. చేపలామె ఆ మూడు పగడాల్నీ నా చేతిలో పోసి, రేపల్లెలో ఇల్లెక్కడో చెప్పి, బస్సు టైమైందని వెళ్లిపోయింది. ఆమెకు మా ఊరూ పేరూ తెలియదు, రసీదు లేదు. తల్లి వస్తువును అలా పరాయివాడి చేతిలో పెట్టి వెళ్లే మనిషిని ఏమనాలి? తిరుగు రైల్లో ఆమెను మూర్ఖురాలు అని నాలుగుసార్లు అన్నాను. జేబు మాత్రం ప్రతి స్టేషన్‌కూ తడుముకున్నాను.

ఇంటికొచ్చి ఆ మూడింటినీ భూతద్దం కింద పెట్టాను. ఆమె చెప్పింది నిజం. ఎరుపులో ఎరుపు, దారాల్లాంటి గీతలు. వాటి మధ్య సూదిమొనంత గుంటలు, ఒకటి లోతు, ఒకటి పైపైన, మూడు గుంపుగా, ఒకటి ఒంటరిగా. పూసకూ పూసకూ రాపిడి తగిలి బెజ్జం చుట్టూ అరిగిన చదును. ఇన్నేళ్లలో నా చేతిలోంచి ఎన్నో పగడాలు వెళ్లాయి. గుంటలున్నదాన్ని పనికిమాలినదని పక్కన పడేయడమే తప్ప, ఆ గుంట ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు.

సూదితో గుంటలు పొడిచాను. అన్నీ ఒకేలా వచ్చాయి, మశూచి మచ్చల్లాగా. టూత్‌బ్రష్ వెంట్రుకలతో పొడిచాను. ఇంకా అసహ్యంగా వచ్చాయి. కోడలు ఫోన్‌లో ఎవరో చెప్పారని, పచ్చిపూసను ఉప్పురవ్వల్లో దొర్లించి కాల్చి నీళ్లలో వేస్తే ఉప్పు కరిగి గుంటలు మిగులుతాయంది.

"ఆ గోళ్లరంగావిడేనా చెప్పింది?"

"ఆవిడే."

"అయితే చచ్చినా చేయను" అన్నాను.

మర్నాడు ఆమె బట్టలారేయడానికి డాబా మీదకు వెళ్లినప్పుడు చేసి చూశాను. వచ్చాయి. ఒక రవ్వ పెద్దది, ఒక రవ్వ చిన్నది, దేవుడి లెక్కలాగే ఏ లెక్కా లేకుండా. గుంటల్లో గోధుమరంగు పూసి తుడిచేస్తే ఇరవై ఏళ్ల చెమట పట్టినట్టయింది. ఆ గోళ్లరంగావిడను నేనింకా క్షమించలేదు.

ముప్పై ఎనిమిది పూసలు కుదరడానికి మూడు వారాలు పట్టింది. వాటిని అసలు మూడింటితో కలిపి గుచ్చి, కోడలూ నేనూ రేపల్లె ప్యాసింజరు ఎక్కాం.

ఆమె ఇంటి ముందు వల పరిచి ఉంది. ఆమె భర్త ఒక మూల కూర్చుని చిరుగులు అల్లుతున్నాడు. మమ్మల్ని చూసి తలూపి మళ్లీ వలలో తల పెట్టాడు. ఆమె చేతులు కడుక్కుని దండ తీసుకుంది. గుంటల మీద బొటనవేలు రాస్తూ చాలాసేపు చూసింది. నేను మెచ్చుకోలు కోసం చూడడంలేదు. మెచ్చుకుంటే ఎలా మొహం పెట్టాలా అని మాత్రం ఆలోచిస్తున్నాను.

మెడలో వేసుకుంది. కాసేపు అటూ ఇటూ నడిచింది. వంగి ఖాళీ గంప ఎత్తి దించింది.

"కంటికి బానే ఉందన్నయ్యా. మెడకి తెలవట్లేదు."

"అంటే?"

"బరువు లేదు. ఎండుటాకు వేసుకున్నట్టుంది. మా అమ్మది వంగితే ముందుకొచ్చి గుండెకి తగిలేది."

"చెల్లెమ్మా, ప్లాస్టిక్ తేలిగ్గానే ఉంటుంది. రాయి బరువు నేనెక్కడి నుంచి తేను? నీకు పగడం రూపు కావాలా, బరువు కావాలా?"

"రెండూ" అంది, కూరగాయల బండి దగ్గర చెప్పినట్టు.

కోపంతో నాకు ఒళ్లు తెలియలేదు. రాళ్ల గురించి ఈవిడా నాకు చెప్పేది, చేపల పొలుసు ఇంకా మోచేతికి అంటుకునుంది అని మనసులో అనుకున్నాను. పైకి కూడా ఏదో అనబోతున్నాను. ఆమె వినే స్థితిలో లేదు. వల దగ్గరికి వెళ్లి, దాని అంచు పట్టుకుని చూస్తోంది. వల మునగడానికి అంచున వరసగా సీసం గుండ్లు కడతారు, నడుమ బెజ్జంతో, అచ్చం పూసల్లాగే. భర్త చేతిలోని కత్తి తీసుకుని రెండు గుండ్లు కోసి నా అరచేతిలో పెట్టింది.

"వీటిమీద చుట్టు నీ ప్లాస్టిక్కు."

భర్త మొదటిసారి నోరు తెరిచాడు. "ఆ వల నిన్ననే కట్టానే!"

"మళ్లీ కట్టు" అంది ఆమె.

ఆ రెండు గుండ్లూ పట్టుకుని నిలబడ్డాను. బెజ్జం సరిగ్గా దారానికి సరిపోతుంది. పైన రెండు పొరలు వేస్తే అసలు పూస లావు వస్తుంది. నా బుర్రకు ఎందుకు తట్టలేదు? తిరుగు దారంతా ఆమె వెనక్కిచ్చిన దండ ఒళ్లో పెట్టుకుని, ఆ గుండ్లే అరచేతిలో దొర్లించాను. కోడలు ఒక్కసారే, "సీసం ఒంటికి తగిలితే మంచిది కాదేమో మామూ" అంది. అది మాత్రం నిజమే. బెజ్జం లోపల కూడా సన్నటి గొట్టంలా ప్లాస్టిక్ వేసి, సీసం ఎక్కడా బయటికి కనిపించకుండా మూసేయాలని నిర్ణయించాను. చిన్న సైజు గుండ్లు బజార్లో దొరికాయి. బంగారంలో కెంపు పొదిగిన చేతులతో ప్లాస్టిక్‌లో వలగుండ్లు పొదిగాను. మా నాన్న ఉండి ఉంటే నా పనిముట్లు తీసుకెళ్లి కాలవలో పారేసేవాడు.

రెండో దండ అయ్యాక, అసలు మూడింటినీ అందులో కలిపి కోడలిని ఏరమన్నాను. మూడుసార్లూ తప్పు చెప్పింది. నేను కళ్లు మూసుకుని చెంపకు ఆనించి ఏరాను. పొద్దుటిపూట అసలువి చల్లగా తగులుతాయి. ఆ చల్లదనం నేను చేయలేకపోయాను. చేయడం ఎవరివల్లా కాదు.

చేపలామె తమ్ముడు కొత్త ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశానికి వచ్చి దండ ఇచ్చి, భోంచేసి వెళ్లమని ఫోన్ చేసింది. వెళ్లాం. షామియానా పక్కన దండ చేతికిచ్చాను. మెడలో వేసుకుంది. వంగింది. దండ ముందుకు ఊగి గుండెకు తగిలింది. ఆమె వంగే ఉండిపోయింది, నేల మీద ఏదో వెతుకుతున్నట్టు. లేచాక కొంగుతో మొహం తుడుచుకుంది.

"మీ అమ్మవి మూడూ ఎక్కడున్నాయో చూపిస్తాను" అని చేయి చాపాను.

"చెప్పకన్నయ్యా" అంది. "చెప్తే ఆ మూడే చూసుకుంటా."

ఆ మాట దగ్గరే ఆగి ఉంటే ఆమె మీద నాకు గౌరవం మిగిలేది. దండ వేసుకుని షామియానాలోకి వెళ్లింది. బంగారం బరువుకు మెడ తిప్పలేకపోతున్న ఒక బంధువు ఆపింది.

"వదినా, పోయినయ్యన్నావ్ గదా! దొరికినయ్యా?"

ఆ ప్రశ్న కోసమే గదా ఉప్పులో దొర్లించింది, గుంటల్లో చెమటరంగు పూసింది, బెజ్జాల చుట్టూ చదును అరగదీసింది.

"ఎక్కడ దొరుకుతయ్! ఇదిగో, ఈ తెనాలి సాయిబన్నయ్య ప్లాస్టిక్కుతో చేశాడు. లోపల వలగుండ్లు" అని పందిరంతా వినబడేలా చెప్పింది. ఒక్క నిమిషం కూడా దాచుకోలేదు. పూసలు పట్టుకుని అందరికీ చూపించింది. "బరువు చూడండి. పట్టుకు చూడండి."

బంధువు నమ్మలేదు. "ఊరుకో వదినా. మాకు అసలుదీ నకిలీదీ తెలీదా ఏంటి? ఇవి అసలుయ్యే, దిష్టి తగలకుండా అట్టా చెప్తున్నావ్" అంది. చుట్టూ ఉన్నవాళ్లు అవునవునన్నారు. నిజం చెప్పే మనిషికి అబద్ధం కోసం నేను చాకిరీ చేశాను. నమ్మేవాళ్లకేమో ఎలాగూ కళ్లు లేవు. నున్నటి లిప్‌స్టిక్ ఉండలు గుచ్చి ఇచ్చినా ఈ పందిట్లో చెల్లిపోయేది. పప్పూ గోంగూరా బాగున్నాయి. అవి తిని ఊరుకున్నాను.

చేతులు కడుక్కునేసరికి కోడలి చుట్టూ ఆడవాళ్లు మూగారు. కాలేజీ అమ్మాయి ఒకతె ఫిరోజా దండ కావాలంది, గులాబీ రంగులో.

"గులాబీ రంగు ఫిరోజా భూమ్మీద ఎక్కడా లేదమ్మా" అన్నాను.

"పర్లేదు తాతగారూ, మీరు చేస్తారుగా" అంది.

కోడలు ఫోన్‌లో రాసుకుంది. రైలు జంపని స్టేషన్ దాటేదాకా దాన్ని చెరిపేయమని చెబుతూనే ఉన్నాను. ఆమె వినలేదు. ఆ తర్వాతి వారం ఆమె చేసిన గులాబీ పూసలు చూశాను. గీతలు మరీ లావుగా, రోడ్డు మీద తారు కారినట్టున్నాయి. ఇలా ఇస్తే మన ఇంటి పరువేం కావాలని, ముద్ద లాక్కుని మళ్లీ సన్నగా తరగడం మొదలుపెట్టాను.